మిథ్యామనోరథం వదిలిన చోట ఆశ: గజేంద్రుడి మొరను సొంత కష్టంలో చదువుకునే తీరు

కష్టంలో ఉన్నప్పుడు ఒక పద్యం గుర్తుచేసుకుందామనుకుంటే చాలామంది నోటికి ముందుగా వచ్చేది మడుగులో మొసలికి చిక్కిన ఏనుగు గజేంద్రుడి మొర. పోతన భాగవతం 8వ స్కంధంలోని ఆ శార్దూల పద్యం బడిలోనో ఇంట్లోనో కంఠస్థమై ఉంటుంది. నోటికి రావడం వరకు ఇబ్బంది లేదు. దాని నుంచి తమకంటూ ఒక అర్థం తీసుకోబోయేసరికి మాత్రం ఎక్కువమంది ఒకే వాక్యం దగ్గర ఆగిపోతారు: భగవంతుణ్ణి నమ్ముకుంటే కష్టాలు తీరతాయి. పద్యంలో ఆ వాక్యం లేదు. నాలుగు పాదాలూ పూర్తయ్యేసరికి ఎవరూ రాలేదు, మొసలి పట్టు సడలలేదు, ఏనుగు ఇంకా నీళ్లలోనే ఉంది. అయినా అది ఆశ ఉన్న పద్యమేనని చదివిన ప్రతివారికీ అనిపిస్తుంది. ఆ ఆశ ఏ మాటలో ఉందో వేలుపెట్టి చూపగలిగితే, అది మన కష్టానికి ఎంతవరకు పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుఁగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

దీన్ని కనీసం మూడుసార్లు, మూడు రకాలుగా చదవాలి. మొదటిసారి పైకి చదవాలి, అదీ రాగం తీయకుండా. ఈ పద్యంతో వచ్చే చిక్కు ఏమిటంటే, అలవాటైన రాగం దాన్ని నున్నగా మార్చేస్తుంది. ఒక్కో పాదంలో 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి. ఆ నడకకు లొంగిపోతే లోపలి మాటలు ఎంత పొట్టిగా, తెగితెగి ఉన్నాయో చెవికి అందదు. మాట ముగిసిన చోట ఆగుతూ చదవండి. లావొక్కింతయు లేదు. ఆగాలి. ధైర్యము విలోలంబయ్యె. ఆగాలి. తర్వాత వచ్చే ‘ప్రాణంబులున్’ పాదం చివర వేలాడుతూ ఉండిపోతుంది, దాని క్రియ కింది పాదంలో ఉంది: ‘ఠావుల్ దప్పెను’. ప్రాణాలు చోటు తప్పాయని చెప్పే వాక్యమే తన పాదంలో నిలవలేక కిందికి జారింది. రాగంతో చదివినప్పుడు ఇది ఎప్పటికీ వినిపించదు.

రెండోసారి అర్థం కోసం చదవాలి. లావు అంటే ఇక్కడ బలం. ఇవాళ్టి వాడుకలోని లావు మనసులో ఉంటే మొదటి మాటే తప్పిపోతుంది. విలోలం చలించిపోయినది, ఠావు స్థానం, డస్సు అంటే అలసిపోవడం, ఇతఃపరం ఇంతకు మించి మరొకటి, వరద వరాలిచ్చేవాడా అన్న పిలుపు. అనుమానం ఉన్న మాటను ఊహించి దాటెయ్యకూడదు. శబ్దరత్నాకరమో బ్రౌన్ నిఘంటువో తెరిస్తే నిమిషంలో తేలిపోతుంది. సొంత అర్థం పేరుతో జరిగే పొరపాట్లలో సగం ఈ దశలో తొందరపడటం వల్ల వచ్చేవే.

మూడోసారి క్రియలు మాత్రమే తీసి ఒక కాగితం మీద వరసగా రాసుకోవాలి. లేదు, అయ్యె, తప్పెను, వచ్చె, డస్సె, అయ్యెడిన్. తర్వాత ఎరుఁగ, తగున్. చివర రావే, కావవే, సంరక్షించు. మొత్తం 11. ఈ జాబితా చూడగానే పద్యం రెండుగా విడిపోతుంది. మొదటి రెండు పాదాల్లోని 6 క్రియలూ ఉన్న స్థితిని చెప్పడానికే. వాటిలో ఎవరినీ పిలవలేదు, ఏదీ అడగలేదు, ఎవరినీ నిందించలేదు. బలం, ధైర్యం, ప్రాణం, స్పృహ, ఒళ్లు, శ్రమ: రోగి వైద్యుడికి చెప్పినంత నేరుగా ఉంది వరస. వాటిలో నాలుగు జరిగిపోయినవి. ‘శ్రమంబయ్యెడిన్’ మాత్రం ఇంకా జరుగుతూ ఉన్నది. కష్టం గతం కాలేదు, మాట్లాడుతున్న క్షణంలోనూ నడుస్తోంది.

మూడో పాదం మొదట్లో ‘నీవే’ వస్తుంది. పద్యం అక్కడ తిరుగుతుంది. అప్పటిదాకా తన గురించి తాను చెప్పుకుంటున్న గొంతు ఒక ‘నీవు’ వైపు తిరిగింది. నాలుగో పాదంలో 3 అభ్యర్థనలు, 3 సంబోధనలు. ప్రతిసారీ అభ్యర్థనే ముందు, పేరు తర్వాత: రావే అన్నాక ఈశ్వర, కావవే అన్నాక వరద. మర్యాదకు వ్యవధి లేని మనిషి మాటతీరు ఇది. ఇంకో సంగతి, ఈ నాలుగు పాదాల్లో ‘నేను’ గానీ ‘నా’ గానీ ఎక్కడా లేదు. ‘ఎరుఁగ’ అన్న క్రియలో మాత్రమే మాట్లాడేవాడు దొరుకుతాడు. తనను తాను చూపించుకోవాల్సి వచ్చినప్పుడు కూడా ‘దీనునిన్’ అని మూడో మనిషిలా అన్నాడు.

ఇక లేనిదాన్ని చూడాలి. వస్తావు, కాపాడతావు, బయటపడతాను అన్న వాక్యం ఒక్కటీ లేదు. అంటే ఈ పద్యంలోని ఆశ రేపటి గురించిన అంచనా మీద నిలబడలేదు. అంతా మంచే జరుగుతుందన్న నమ్మకం ఆశకు ఒక రూపం. మాటాడే శక్తి మిగిలి ఉన్నంతసేపు పిలవడం మరో రూపం. ఇది రెండోది. మంచి జరుగుతుందని తమను తాము ఒప్పించుకోలేకపోతున్నవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. నమ్మకం కుదరకపోయినా ఆశకు తావుందని పద్యం తన నిర్మాణంతోనే చూపిస్తోంది.

మొరకు ముందు ఏం జరిగింది

ఈ పద్యాన్ని విడిగా చదివేవారికి గజేంద్రుడు పోరాటం చేతకాక చేతులెత్తేసినట్టు కనిపిస్తాడు. వెనక్కి వెళ్లి చదివితే ఆ అభిప్రాయం నిలవదు. మొరకు ముందు పోతన చెప్పింది ఇది:

అలయక సొలయక వేసట
నొలయక కరి మకరితోడ నుద్దండత రా
త్రులు సంధ్యలు దివసంబులు
సలిపెం బోరొక్క వేయి సంవత్సరముల్

వెయ్యేళ్లు, రాత్రీ పగలూ సంధ్యలూ అన్నది వదలకుండా. ప్రయత్నం ముందు, మొర తర్వాత. మరి అంత పోరాడినా ఓడిపోవడానికి కారణమేమిటి? అదీ పోతన చెప్పాడు, పోరు వర్ణించే చోటే: ‘జీవనంబు దనకు జీవనంబై యుంట’ మొసలికి అంతకంతకు బలమూ పట్టుదలా పెరిగాయి, ఏనుగు మాత్రం కృష్ణపక్షపు చంద్రుడిలా తరిగిపోయింది. మొదటి జీవనం నీరు, రెండోది బతుకు. నీళ్లే మొసలికి బతుకు. ఏనుగుకు అవి పరాయి చోటు. తేడా తెచ్చింది స్థలం. ఏనుగు పిరికితనం కాదు, పాపం కాదు, ప్రయత్నలోపం కాదు. సొంత కష్టాన్ని ఈ పద్యాల పక్కన పెట్టి చూసేవారికి ఈ ఒక్క వివరం ఎంతో మేలు చేస్తుంది. మన ఓటమిలో మన తప్పు ఎంత, మనం పోరాడుతున్న చోటు ఎంత అన్న ప్రశ్న దీనితో అడగవచ్చు. అలవికాని గడువుల మధ్య, తీర్చే కొద్దీ పెరిగే అప్పుల మధ్య, తనను చిన్నబుచ్చే మనుషుల మధ్య అలసిపోయినవారు సాధారణంగా ఆ లెక్కలో మొత్తం భారం తమ మీదే వేసుకుంటారు.

మొర మొదలయ్యే ముందు ఇంకో పద్యం ఉంది, ఈ ఘట్టమంతటికీ అదే కీలకం. పెక్కేళ్లు పోరాడి సడలిపోయిన గజేంద్రుడు ‘తన లావు వైరిబలముం జింతించి, మిథ్యామనోరథ మింకేటికి’ అనుకుంటాడు. తన బలమెంత, శత్రువు బలమెంత అని లెక్క చూసుకున్నాడు. ఇక ఈ ఉత్త కోరిక దేనికి అనుకున్నాడు. అంటే ఒక ఆశను వదిలేశాడు, అదీ తెలిసి వదిలేశాడు. నేనొక్కడినే గెలుస్తాను అన్నది ఆ ఆశ. అది పోయాకే మొర పుట్టింది. తర్వాత వచ్చే ‘లావొక్కింతయు లేదు’ ఈ లెక్కకు వచ్చిన జవాబే. అక్కడ తూచిన లావే ఇక్కడ లేదని తేలింది. ‘డస్సె’ అన్న మాట సంగతీ అంతే. పోరు వర్ణిస్తూ ‘డస్సె మత్తేభమల్లంబు’ అని ముందు కవి అన్నాడు. మొరలో ‘తనువున్ డస్సెన్’ అని ఏనుగే అంటోంది. బయటివాళ్లకు ఎప్పుడో కనబడిన అలసటను బాధపడుతున్నవాడు తన నోట ఒప్పుకోవడానికి ఇంత కాలం పట్టింది.

సందేహం పోలేదు

మొరకు ముందూ వెనకా ఉన్న రెండు కందాలను కలిపి చదవకపోతే ఈ పద్యంలోని ఆశ అసలైన దానికంటే తేలికగా కనిపిస్తుంది. ముందుది అందరికీ తెలిసిందే:

కలఁడందురు దీనులయెడఁ
గలఁడందురు పరమయోగి గణముల పాలం
గలఁడందు రన్నిదిశలను
గలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో

అందురు, అందురు, అందురు: మూడుసార్లూ ఇతరులు చెప్పిన మాటే. చివరి మాట మాత్రం తనది, అది ప్రశ్న. ఇంత వరకు చాలామంది గమనిస్తారు. ఈ సందేహం తీరిపోయి, దాని తర్వాత నమ్మకంతో మొర పెట్టుకున్నాడని వివరిస్తారు. ఆ వివరణకు మొర తర్వాత వచ్చే కందం అడ్డొస్తుంది:

వినుదఁట జీవుల మాటలు
చనుదఁట చనరాని చోట్ల శరణార్థుల కో
యనుదఁట పిలిచిన సర్వముఁ
గనుదఁట సందేహ మయ్యెఁ గరుణావార్ధీ!

వింటావట, వెళ్తావట, ఓయంటావట, చూస్తావట. నాలుగు ‘అట’ల తర్వాత ‘సందేహ మయ్యె’. శరణు అన్నాక కూడా సందేహం వచ్చింది. దాన్ని దాచుకోకుండా ఎవరి మీద సందేహమో ఆయనకే, కరుణాసముద్రుడా అని పిలిచి మరీ చెప్పాడు. మొదటి కందంలో సందేహం ‘వాడు’ గురించి. రెండోదానిలో అదే సందేహం ‘నువ్వు’తో. మారింది సందేహం కాదు, దాన్ని చెప్పుకునే దిక్కు. సంస్కృత భాగవతంలోని గజేంద్ర స్తుతి ప్రధానంగా తాత్త్విక స్తోత్రం. ఒంటి అలసటను, ఈ ఊగిసలాటను ఇంతగా విప్పి చెప్పింది పోతనే. ఆశ ఉన్నవాడికి అనుమానం ఉండకూడదని నమ్మి, అనుమానం వచ్చిన ప్రతిసారీ తమ ఆశ ఉత్తిదని కుంగేవారు ఈ రెండు కందాలను మొరకు అటూ ఇటూ పెట్టుకుని చదవాలి.

సొంత అర్థం రాసుకోవడం

పద్యం మీద ఇంత పని చేశాక కాగితం మీద మూడు వాక్యాలు రాయాలి, వరస తప్పకుండా. మొదటిది పద్యం ఏం చెబుతోందో, సాధ్యమైనంత వరకు పద్యంలోని మాటలతోనే. రెండోది పద్యం ఏం చేస్తోందో: ఎక్కడ తిరిగింది, ఎవరితో మాట్లాడింది, ఏది చెప్పకుండా వదిలింది. మూడోది తన గురించి. చాలామంది నేరుగా మూడో వాక్యానికి దూకుతారు. అలా దూకితే వచ్చేది పద్యం చదవక ముందే మనసులో ఉన్న అభిప్రాయమే.

ఉదాహరణకు, మంచాన పడిన మనిషికి ఏళ్ల తరబడి సేవ చేస్తూ అలసిపోయినవారు చదువుతున్నారనుకుందాం. మొదటి వాక్యం: బలం లేదు, ధైర్యం చెదిరింది, ఒళ్లు డస్సింది అని చెప్పాకే గజేంద్రుడు రమ్మన్నాడు. రెండోది: సగం పద్యం ఏ కోరికా లేకుండా స్థితి చెప్పడానికే పోయింది, ఆ తర్వాతే గొంతు ‘నీవే’ అని తిరిగింది. మూడోది ఇలా రావచ్చు: నేను సాయం అడిగి విసిగిపోయానని అనుకుంటున్నాను గానీ, నా ఒళ్లు ఎలా ఉందో ఇంట్లో ఎవరికీ ఒక్కసారైనా పూర్తిగా చెప్పలేదు. ఇది పద్యం నుంచి వచ్చిన అర్థం. దీన్నే ‘ఓర్పు ఉంటే అన్నీ సర్దుకుంటాయి’ అని రాస్తే అది పద్యం నుంచి రాలేదు. గజేంద్రుడు ఓర్పు గురించి మాటాడనే లేదు. పరీక్ష సులువు: మూడో వాక్యానికి ఆధారం అడిగితే పద్యంలో ఒక మాట మీద వేలు పెట్టగలగాలి. పెట్టలేకపోతే ఆ వాక్యం మంచిదే కావచ్చు, ఈ పద్యానిది మాత్రం కాదు. వాక్యం పక్కన తేదీ వేసుకోవడం మంచిది. కొన్ని నెలలకు అదే పద్యం మళ్లీ చదివితే వేలు వేరే మాట మీదికి వెళ్తుంది.

దేవుడి మీద నమ్మకం లేనివారికి ఈ పద్యం పనికొస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. పద్యం పిలిచింది ఈశ్వరుణ్ణి. దాన్ని చెరిపేసి పోతన మానవసంబంధాల గురించి చెప్పాడంటే అబద్ధం అవుతుంది. మూడు వాక్యాల పద్ధతి ఇక్కడ కూడా సాయపడుతుంది. మొదటి రెండు వాక్యాల్లో ఈశ్వరుడు ఈశ్వరుడిగానే ఉండాలి. మూడోదానిలో ఎవరి ‘నీవు’ వారిది: స్నేహితుడో, అక్కో, వైద్యుడో. ఆ మార్పు చదువరి చేసుకున్నదని తెలిసి చేసుకుంటే కవికీ అన్యాయం లేదు, చదువరికీ లేదు.

అందరూ ‘లావొక్కింతయు’ దగ్గరే ఉండరు కూడా. కొందరు ఇంకా పోరులో ఉంటారు. కొందరు బలాబలాల లెక్క దగ్గర. కొందరు ‘ఏ రూపంబున దీని గెల్తు’ అనే ప్రశ్నల్లో, ఇంకొందరు ఈ నీళ్ల ఆశతో ఇటెందుకు వచ్చానన్న పశ్చాత్తాపంలో. ఘట్టంలో వీటన్నిటికీ పద్యాలున్నాయి. తనది కాని దశలోని పద్యాన్ని తన మీద వేసుకుంటే, రాని కన్నీళ్ల కోసం ప్రయత్నించడమో, ఉన్న కోపాన్ని అణచుకోవడమో జరుగుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది ముగింపు వైపు నుంచి చదివినప్పుడు. ‘అల వైకుంఠపురంబులో’ తర్వాత రాబోతోందని మనకు తెలుసు. నీళ్లలో ఉన్నవాడికి తెలియదు. ఆ తెలివితో మొరను చదివితే అందులోని భయం నాటకంలా కనిపిస్తుంది. మొర ముగిశాక గజేంద్రుడు ఆకాశం వైపు నిక్కి చూస్తూ, నిట్టూరుస్తూ, ‘బయ లాలకించుచు’ ఉన్నాడని వచనంలో ఉంది. బయలు అంటే ఖాళీ చోటు. జవాబు రాని ఆ కాస్త సమయాన్ని పోతన దాటెయ్యలేదు, చదివేవారూ దాటెయ్యకూడదు.

రెండో తప్పు కారణాలు వెతకడం. గజేంద్రుడు వెనకటి జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజనీ, అగస్త్యుడి శాపంతో ఏనుగయ్యాడనీ, మొసలి హూహూ అనే గంధర్వుడనీ భాగవతం చెబుతుంది, నిజమే. ఎప్పుడు చెబుతుందో చూడాలి: రక్షణ జరిగిపోయాక. కష్టం నడుస్తున్నంతసేపు ఆ కథ ఊసే లేదు. బాధలో ఉన్న మనిషికి ఇది నీ కర్మ అని చెప్పడానికి ఈ ఘట్టాన్ని వాడేవారు కథ వరసనే తలకిందులు చేస్తున్నారు.

మరో శార్దూలాన్ని దీని పక్కన పెడితే తేడా ఇంకా స్పష్టమవుతుంది. భర్తృహరి సుభాషితాలకు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగులో ‘ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై’ అని మొదలయ్యే పద్యం అది. ఆటంకాలకు భయపడి అసలు మొదలుపెట్టనివారు నీచులు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవారు మధ్యములు, ఎన్ని దెబ్బలు తగిలినా వదలనివారు ధీరులు. ఛందస్సు అదే, విషయమూ కష్టమే. కానీ ఇందులో కష్టపడుతున్న గొంతు లేదు. ఎవరో బయట నిలబడి మనుషుల్ని మూడు వర్గాలు చేస్తున్నారు. పిలుపు లేదు, ‘నీవు’ లేదు. ఇంకా మొదలుపెట్టని పరీక్ష ముందు, మొదటి దెబ్బ తిన్న వ్యాపారం ముందు ఈ పద్యం వెన్ను నిలబెడుతుంది. వెయ్యేళ్ల పోరు దశకు సరిపోయే పద్యం ఇది. ‘అలయక సొలయక’ పోరాడినంత కాలం గజేంద్రుడు ఈ కొలతలో ధీరుడే. మిథ్యామనోరథం దేనికి అనుకున్నవాడికి ఇదే పద్యం చెబితే మధ్యముడివని ముద్ర వేసినట్టవుతుంది. అందుకే ఎదుటివారి కష్టానికి పద్యం చెప్పాలనుకునేవారు ముందు వారి మాటల్లోని క్రియలు వినాలి. చేస్తాను, చూస్తాను, ఇంకోసారి ప్రయత్నిస్తాను అంటున్నవారికి లక్ష్మణకవి పద్యం చెప్పవచ్చు. లేదు, పోయింది, డస్సింది అంటున్నవారికి పోతన పద్యం, అదీ రెండు కందాలతో కలిపి. బతకాలని లేదు అంటున్నవారికైతే ముందు కావలసింది పక్కన మనిషి, వైద్యుడు; పద్యం ఆ తర్వాత.